ఖాకీ పారిన కాలువ

నేను మడకశిర పక్క పల్లె నుంచి బెంగుళూరుకు కాపురానికి వచ్చేసరికి యుద్ధం మొదలై కొంతకాలమైంది. పాత ఊరైన పేటకు పడమట, మాగడి రోడ్డు దాటి లోపలికి పోతే ఒక కాలువ గట్టున మా సందు ఉండేది. సందుకు ఒక పక్క పెంకుటిళ్ళ వరస, ఎదురుగా కాలువ, కాలువకు అవతల మిల్లు గోడ. ఇంట్లో ముగ్గురమే. నేను, మా ఆయన, మా అత్త. మామ నేను రాకముందే పోయాడు.

వచ్చిన మరుసటి రోజు ఉదయం అత్త నన్ను గట్టు దింపి కాలువ పక్కనున్న కూర మళ్ళ దగ్గరకు తీసుకుపోయింది. మెంతికూర, దంటు అనే తోటకూర, కొత్తిమీర, సోయికూరను అక్కడ పిలిచే సబ్బసిగె. ఒక్కో మడీ చాప పరిచినట్టు ఉంది. ఆమె ఆకుకూరలన్నింటినీ కలిపి కన్నడంలో చెప్పినట్టే 'సొప్పు' అనేది.

"ఇదీ మన ఇల్లు. పైన ఉండేది పండుకునేకి మాత్రమే," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ మాట ఆమె తమాషాకు అనలేదని నాకు తర్వాత అర్థమైంది. మామ పోయినప్పుడు కొడుకు ఇంకా చిన్నవాడు. ఆ మళ్ళలోనుంచి తీసిన సొప్పు గంపకెత్తుకుని పేట మార్కెట్టుకు నడిచిపోయి, అమ్ముకుని వచ్చి, అతన్ని పెంచింది. మళ్ళ చుట్టూ కంచెగా పాతిన గుంజలు నున్నగా, నల్లగా ఉండేవి. అవి మామ మగ్గం గుంజలు.

ఆ కాలువ ఎవరు తవ్వించారో సందులో ఎవరికీ సరిగా తెలియదు. పాళెగాళ్ళ కాలంలో అని కొందరు, అంతకు ముందే అని కొందరు అనేవాళ్ళు. పై చెరువు నిండి పొర్లిన నీళ్ళను కింది చెరువుకు చేర్చడం దాని పని. వానాకాలం ఉరకలు వేసేది. ఎండాకాలంలో కూడా పై చెరువు తూము నుంచి మోకాలి లోతు నీళ్ళు సన్నగా పారుతూనే ఉండేవి. మా అత్త అత్తగారి కాలంలో సందు నిండా మగ్గాలేనట. నూలు చిలపలకు ఇంట్లోనే రంగు వేసి కాలువలో జాడించేవాళ్ళట. ఆ నీళ్ళలో ఎర్ర రంగు బాగా నిలుస్తుందని పేట షావుకార్లు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే నూలు ఇచ్చిపోయేవాళ్ళట.

"అయితే అప్పుడూ కాలువకు రంగు పట్టేది కదత్తా?" అని ఒకసారి అడిగాను.

"పట్టేది. మధ్యాన్నానికంతా పోయేది," అంది.

తర్వాత ఒక షావుకారు అవతలి గట్టున పత్తి గింజ తీసే షెడ్డు వేశాడు. కొన్నేళ్ళకు దానికి ఇంజను వచ్చింది. ఇంజను వెంట బాయిలరు వచ్చింది. బాయిలరుకు నీళ్ళు కావాలని కాలువకు అడ్డంగా చిన్న కట్ట కట్టారు. అప్పుడెవరూ అభ్యంతరం చెప్పలేదు. కట్ట వల్ల మా సందు వైపు నీళ్ళు నిలిచి బావిలో ఊట పెరిగిందని సంతోషించారు కూడా. ఆ తర్వాత పొగగొట్టం లేచింది, నూలు వడికే షెడ్డు లేచింది, నేత షెడ్డు లేచింది. మిల్లు బట్ట గజం ధరకు మా వాళ్ళు నూలు కూడా కొనలేకపోయారు. ఒక్కో ఇంట్లో మగ్గం ఆగింది. ఒక్కో ఇంటి మగవాడూ కాలువ మీది పలకల వంతెన దాటి మిల్లు గేటులోకి పోయాడు. అందరికన్నా చివర పోయినవాడు మా మామ. మగ్గం ఊడదీసి, గుంజలు భార్యకు కంచె కోసం ఇచ్చి, తలగుడ్డ చుట్టుకుని వెళ్ళాడట. ఆయన మిల్లు మగ్గం మీద నాలుగేళ్ళు కూడా నేయలేదు. ఏదో జ్వరం వచ్చి పోయాడు.

మా ఆయన ఆ మిల్లులోనే పెరిగినట్టు పెరిగాడు. నేను వచ్చేసరికి నేత షెడ్డులో ఉండేవాడు. నెమ్మదైన మనిషి. షెడ్డులో మరమగ్గాల మోత వల్ల కాబోలు, ఇంట్లో చాలా మెల్లగా మాట్లాడేవాడు. పని నుంచి రాగానే నేరుగా గట్టు దిగి తల్లి దగ్గరకు పోయి, ఆమెతో పాటు రెండు కడవల నీళ్ళు మళ్ళకు పోసి, అప్పుడు ఇంట్లోకి వచ్చేవాడు. పెళ్ళయిన మొదటి ఏడాది నాకు అలాగే గుర్తుంది. కష్టం లేదని కాదు. బియ్యం దొరకడం తగ్గింది, కిరసనాయిలుకు వరసలో నిలబడేవాళ్ళం. అయినా రోజు రోజులాగా గడిచేది.

తర్వాత మిల్లుకు సైన్యం పని వచ్చింది. ఖాకీ గుడ్డ, గుడారాల గుడ్డ, సంచుల గుడ్డ. ఎంత నేస్తే అంత కావాలన్నారు. మిల్లు మూడు షిఫ్టులకు మారింది. కాలువ వైపు గోడ పక్కన కొత్తగా రంగు షెడ్డు కట్టారు. అందులో సిమెంటు తొట్లు. గుడ్డను ఏవో ఇనుప ఉప్పుల నీళ్ళలో, ఇంకేవో ఘాటైన మందుల నీళ్ళలో ముంచి తీస్తే ఖాకీ అవుతుందట. బలమున్న మగవాళ్ళు కావాలని నేత షెడ్డు నుంచి కొందరిని అక్కడికి మార్చారు. మా ఆయనను కూడా మార్చారు. తొట్టి పని అయ్యాక దాన్ని ఖాళీ చెయ్యడానికి గోడ అడుగున ఒక తూము పెట్టారు. ఆ తూము కాలువలోకే తెరుచుకుంటుంది.

మొదటిసారి ఆ నీళ్ళు వచ్చిన రోజు నేను గట్టు మీద బట్టలు ఆరేస్తున్నాను. అత్త కింద మడిలో కూర్చుని మెంతికూర పీకుతోంది. కాలువలో నీళ్ళు ముందు మసకబారాయి. ఎగువన ఎవరో బర్రెలు తోలుకొచ్చారు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత పచ్చా కాని, ఎరుపూ కాని రంగు ఒకటి కాలువ అంతటా పరుచుకుని వచ్చింది. వేడి నీళ్ళు. పైన ఆవిరి. అత్త లేచి నిలబడి చూసింది. ఆమె పిల్లకాలువల్లోకి కూడా ఆ నీళ్ళు మళ్ళాయి. రెండు రోజుల్లో మెంతికూర అంచులు కాలినట్టయింది. దంటు వంగిపోయింది. వారం తిరిగేసరికి ఆ మళ్ళలో పీకి పారెయ్యడానికి తప్ప ఏమీ మిగలలేదు.

అత్త ఆ మొదటి రోజే, సాయంత్రం కొడుకు భోజనానికి కూర్చున్నప్పుడు అడిగింది.

"నాయనా, ఈ పొద్దు కాలువలో వచ్చినవి ఏం నీళ్ళు?"

"రంగు నీళ్ళమ్మా. కొత్త తొట్లు ఖాళీ చేసినాము."

"తూము ఎవరు తీసినారు?"

ముద్ద తుంచుతున్న ఆయన చెయ్యి ఆగింది. "నేనే."

"నీ పనా అది?"

"ఇప్పుడు నా పనే. మేస్త్రీ చెప్తే నేను తీయల్ల."

"తీసేటప్పుడు కింద నేనుండేది నీకు తెలుసునా?"

"తెలుసు," అన్నాడు.

నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆమె గిన్నెలోనుంచి ఇంకో రాగి ముద్ద తీసి ఆయన తట్టలో పెట్టింది.

"తిను. చల్లారిపోతాది," అంది.

కాలువ వెంబడి మళ్ళు పెట్టుకున్నవాళ్ళు మా అత్త ఒక్కతే కాదు. సందు ఆడవాళ్ళలో సగం మందికి ఎంతో కొంత ఉండేది. అందరూ కలిసి మిల్లు గేటు దగ్గరకు పోయారు. నేనూ వెళ్ళాను. చాలాసేపటికి లోపలినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. మా భాషే మాట్లాడాడు.

"యుద్ధం నడుస్తాండాది కదమ్మా. ఎంతోమంది పిల్లోళ్ళు ఎడారిలో పోరాడతాండారు. వాళ్ళకు బట్ట వద్దా?" అన్నాడు.

"బట్ట వద్దని ఎవరంటారప్పా," అంది అత్త. "ఆ నీళ్ళు ఇంకో పక్క వదలండి అంటాండాము. అంతే."

"ఇంకో పక్క ఏముండాది? ఉండేది ఒకే కాలువ కద."

ఆయన ఇంకొంచెం సేపు నిలబడి, చూస్తాను అని లోపలికి పోయాడు. ఆయన వెనక నిలబడిన మేస్త్రీ మాత్రం కదలలేదు. ఒక్కో ఆడమనిషి మొహమూ చూస్తున్నాడు. ఎవరి మొగుడు ఏ షెడ్డులో ఉన్నాడో అతనికి తెలుసు. ముందు ఒకామె కొంగు సర్దుకుని వెనక్కు తిరిగింది. ఆ వెనక ఇద్దరు. ఒకామె భర్త లోపలినుంచి పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వంతెన దాటించాడు. చివరికి గేటు ముందు అత్త, నేను మిగిలాము. "పోదాం పదమ్మీ," అంది అత్త. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వంతెన మధ్యలో ఆగి కాలువలోకి చూసింది.

మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. తూము తియ్యబోయే ముందు గోడ మీద కనబడేలా ఒక తడి గుడ్డ పేలిక వేలాడదీస్తానన్నాడు. అది చూసి అత్త తన పిల్లకాలువ మూతికి మట్టి వేసి మూసేస్తుంది. రంగు నీళ్ళు దాటిపోయి కాలువ తేటపడ్డాక మళ్ళీ తీస్తుంది. ఆమె ఎండిన మళ్ళన్నీ తవ్వి, పేడ ఎరువు కలిపి, కొత్తగా విత్తనం చల్లింది. పేలిక గోడ మీద కనబడగానే పనిలో ఉన్నది ఉన్నట్టే వదిలి గట్టు మీది నుంచి దిగి పరుగెత్తేది. ఆ వయసులో ఆమె అంత వేగంగా దిగగలదని నేను అనుకోలేదు. కొన్ని నెలలు అది నడిచింది. సొప్పు పూర్వంలా దట్టంగా రాలేదు కానీ వచ్చింది. తల్లీ కొడుకూ ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు కాదు. కానీ సాయంత్రం ఆయన వచ్చినప్పుడు "ఈ పొద్దు మూడుసార్లు" అని ఆమె అనేది. ఆయన తల ఊపేవాడు. ఆ మాత్రం మాటలోనే ఇద్దరికీ ఏదో ఊరట ఉండేదని నాకు అనిపించేది.

ఆలోగా ఆయన చేతుల మీద పుళ్ళు లేచాయి. మామూలు గాయాల్లాంటివి కావు. చిన్నవి, గుండ్రనివి, మేకు దిగి ఊడినట్టు లోతుగా. నొప్పి పెద్దగా లేదనేవాడు, కానీ మానేవి కావు. మిల్లు దవాఖానాలో కాంపౌండరు ఏదో లేపనం ఇచ్చి, "రంగు షెడ్డులో అందరికీ వస్తాదిలే" అన్నాడట. ముక్కులోనుంచి అప్పుడప్పుడు రక్తం కారేది. కొన్నాళ్ళకు ఇంట్లో పోపు మాడినా ఆయనకు తెలిసేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన దవాఖానాలో చేతులకు కట్టు కట్టించుకుంటున్నాడు. తూము దగ్గర ఉన్న కొత్త మనిషికి పేలిక సంగతి తెలియదు. నేను ఇంట్లో రాగులు విసురుతున్నాను. అత్త కేక వినబడి పరుగెత్తాను. రంగు నీళ్ళు అప్పటికే కాలువ నిండా ఉన్నాయి. అత్త పిల్లకాలువ మూతి దగ్గర తొడల దాకా ఆ నీళ్ళలో నిలబడి రెండు చేతులా బురద తోడి అడ్డం వేస్తోంది. వేసిన బురద వేసినట్టే కరిగిపోతోంది. చివరికి ఆమె తానే ఆ మూతికి అడ్డంగా కూర్చుంది. "అత్తా, లే, కాళ్ళు కాలతాయి," అని చెయ్యి పట్టి లాగాను. ఆమె లేవలేదు. నీళ్ళు ఆమెకు అటూ ఇటూ పారి మళ్ళలోకి పోయాయి.

ఆ తర్వాత ఆమె కాళ్ళ మీద కూడా అవే పుళ్ళు లేచాయి. ఆ ఒక్క రోజు వల్ల మాత్రమే కాదు, అన్ని నెలలూ ఆమె ఆ నీళ్ళలోకి దిగుతూనే ఉండింది కదా. సాయంత్రాలు నేను వేపాకు వేసి నీళ్ళు కాచేదాన్ని. ఒకే కాగు నీళ్ళతో ముందు కొడుకు చేతులు కడిగి, తర్వాత తల్లి కాళ్ళు కడిగేదాన్ని. ఇద్దరూ ఎదురెదురుగా గోడలకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఒకరి పుళ్ళు ఒకరు చూసేవాళ్ళు కాదు.

బావి నీళ్ళు కూడా మారాయి. గుడ్డలో వడగడితే గుడ్డ మీద పసుపుపచ్చని చార నిలిచేది. సందు ఆడవాళ్ళమంతా మాగడి రోడ్డు కొళాయి దాకా బిందెలతో నడిచేవాళ్ళం. ఆ ఏళ్ళలో నాకు ఇద్దరు పుట్టి, పురుడు తీరకముందే పోయారు. దేనివల్లో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్ళీ కడుపు పండలేదు.

పేట మార్కెట్టులో మా అత్తను ఎరిగినవాళ్ళు ఆమె గంప దించగానే మొదట అడిగే మాట మారిపోయింది. "ఇది కాలువ సొప్పా?" అని అడిగేవాళ్ళు. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. కొన్నాళ్ళు గంప నిండా తీసుకుపోయి గంప నిండా తీసుకొచ్చింది. తర్వాత పోవడం మానేసింది. మళ్ళలో ఆవేళకు పెద్దగా ఏమీ లేదు కూడా. అయినా ఉదయం లేచి గట్టు దిగి, ఖాళీ మడి పక్కన కూర్చుని గడ్డి పీకేది.

ఆయన చేతులు బాగా ముదిరినప్పుడు నెలలకు నెలలు పనికి పోలేకపోయాడు. అప్పుడు నేను మిల్లులో చేరాను. కండెలు చుట్టే విభాగంలో ఆడవాళ్ళనే పెట్టుకునేవాళ్ళు. కదురు మీద కండె తిరుగుతుంటే తెగిన పోగుకు ముడి వెయ్యడమే పని. గాలిలో దూది పీచు తేలుతూ ఉండేది. సాయంత్రం బయటికొచ్చేసరికి అందరం ముసలివాళ్ళమైనట్టు తలలు నెరిసి కనబడేవి. మా కిటికీలోనుంచి రంగు షెడ్డు కనిపించేది. తొట్ల పక్కన మోకాళ్ళ దాకా గోనె చుట్టుకున్న మగవాళ్ళు గుడ్డను కర్రలతో తిప్పుతూ ఉండేవాళ్ళు. ఆయన తిరిగి పనిలో చేరాక ఒకసారి ఆయనే తూము దగ్గరకు నడవడం చూశాను. తల్లి మళ్ళు మానేసిందని తెలిసి కూడా ఆయన ముందు గోడ మీద ఒక పేలిక వేశాడు. కొంచెంసేపు ఆగాడు. తర్వాత తూము తీశాడు. నేను పని మీద చూపు పెట్టుకున్నాను.

యుద్ధం అయిపోయింది. మిల్లులో అందరికీ మిఠాయి పంచారు. సందులో కొందరు దీపాలు పెట్టారు. ఆ మిఠాయి నోట్లో ఉండగానే రంగు షెడ్డు ముసలి మేస్త్రీ ఒకడు, "ఇంక ఖాకీ ఎవరికప్పా?" అన్నాడు. మేము నవ్వాము. కొన్ని నెలల్లో ఆ మాట నిజమైంది. గోడౌన్లలో ఖాకీ తానులు పైకప్పు దాకా పేరుకున్నాయి. మూడో షిఫ్టు తీసేశారు. తర్వాత రెండోది తీసేశారు. ఆడవాళ్ళను ముందు వెళ్ళగొట్టారు, అందులో నేనున్నాను. మగవాళ్ళు పని కావాలని గేటు ముందు కూర్చున్నారు. ఎండకు, వానకు కూర్చున్నారు. అప్పట్లో దేశమంతటా పెద్ద పెద్ద సంగతులు జరుగుతుండేవి. గేటు ముందు కూర్చున్నవాళ్ళ గురించి పట్టించుకునే తీరిక ఎవరికుంది? స్వాతంత్ర్యం వచ్చిన రోజు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరో జెండా తెచ్చి మూసిన గేటుకే కట్టారు. ఆ గేటు మళ్ళీ తెరుచుకోలేదు.

అప్పుడు కాలువ తేటపడింది. మిల్లు ఆగాక ఒక వానాకాలం వాన దంచి కురిసింది. ఎన్నో ఏళ్ళుగా గట్టుకు పట్టిన తుప్పు రంగు పొర చాలావరకు కొట్టుకుపోయింది. ఒక ఉదయం అత్త నన్ను లేపి, "అమ్మీ, దిగి చూడు, అడుగు కనబడతాండాది," అంది. నిజమే. ఇసుక కనబడుతోంది.

ఆమె కాళ్ళు అప్పటికీ మానలేదు, నడిస్తే కుంటేది. అయినా మళ్ళు మళ్ళీ వెయ్యాలంది. మళ్ళ మీది మట్టి జానెడు లోతు గీకి పారేశాము. పై చెరువు దాకా నడిచి ఒండ్రు మట్టి గంపలతో తల మీద మోసుకొచ్చాము. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు. పని లేని మనిషి, ఇంట్లో కూర్చుంటే గోడ వైపే చూసేవాడు. మట్టి మొయ్యడంలో ఆయన మొహం కొంచెం తెరిపిన పడింది. అత్త మెంతులు, దంటు చల్లింది. మొలకలు వచ్చాయి. మెంతి మొలక రెండాకులు విప్పిన రోజు ముగ్గురం మడి పక్కన కూర్చుని ఇంట్లోనుంచి తెచ్చుకున్న మజ్జిగ తాగాము.

"నీళ్ళు బాగుండాయామ్మా?" అన్నాడు ఆయన.

"బాగుండాయి. చెయ్యి పెట్టి చూడప్పా, పాలమాదిరి ఉండాయి."

ఆయన కాలువ దాకా పోయి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

పై చెరువు తెంచుతారన్న మాట అంతకుముందు కూడా వింటూ ఉండేవాళ్ళం. చెరువు వల్ల దోమలు, దోమల వల్ల చలిజ్వరాలు అనేవాళ్ళు. ఊరు పెరుగుతోంది, చెరువు నేల ఇళ్ళ స్థలాలకు వస్తుందని కూడా అనేవాళ్ళు. మాటలే కదా అనుకున్నాము. ఒక రోజు ఉదయం గడ్డపారలతో కూలీలు పోవడం చూశాము. మధ్యాహ్నానికి కట్ట తెగింది. చుట్టుపక్కల జనం బుట్టలు, వలలు, చీరలు పట్టుకుని చేపల కోసం ఉరికారు. అందరూ నవ్వులే. ఆ నీళ్ళన్నీ పోవడానికి దారి ఒకటే, మా కాలువ. మేము గట్టు మీద నిలబడి ఉండగానే కాలువ పొంగి మళ్ళ మీదుగా పారింది. మొలకలు, ఒండ్రు మట్టి, మగ్గం గుంజలు, అన్నీ పోయాయి. అత్త కిందకు దిగబోయింది. కొడుకు వెనకనుంచి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోవాలని చూసి, తర్వాత ఊరుకుంది.

"ఏం చేసినానప్పా నేను?" అంది కొడుకుతో. "చెప్పు, నేనేం చేసినాను?"

ఆయన ఆమెను మెల్లగా ఇంటి వైపు తిప్పాడు.

నీళ్ళు రెండు రోజుల్లో దిగిపోయాయి. ఆ తర్వాత కాలువలో నీళ్ళన్నవి రాలేదు. బురద ఎండి పలకలు పలకలుగా విచ్చింది. కొన్నాళ్ళకు ఎగువన కట్టిన కొత్త ఇళ్ళ నుంచి మురుగు వదిలారు. అది నల్లగా, పారకుండా నిలబడేది.

అత్త మంచం పట్టింది. కాళ్ళ పుళ్ళు లోపలికి పోయాయి, జ్వరం దిగేది కాదు. విక్టోరియా ఆసుపత్రికి జట్కాలో తీసుకుపోయాము. ముందే రావలసిందన్నారు. ఇంటికి తెచ్చుకున్నాము. చివరి రోజుల్లో ఆమె మాట్లాడడం దాదాపు మానేసింది. దేని గురించీ ఫిర్యాదు చెయ్యలేదు. నీళ్ళు తాగిస్తే తాగేది, లేకపోతే లేదు. కోపమైనా చూపించి ఉంటే నాకు తోడుగా అనిపించేది. ఎండాకాలం మధ్యలో, పట్టపగలు, నేను పక్కనే కూర్చుని ఉండగా పోయింది. చివరి స్నానం చేయించినప్పుడు పొరుగామె ఆ కాళ్ళు చూసి మొహం తిప్పుకుంది. నేనే కడిగాను. నాకు అలవాటే కదా.

మిల్లు యంత్రాలను ఎవరో కొన్నారు. మరమగ్గాలు విప్పి లారీలకెక్కించారు. మా ఆయనను ఆ రోజుల్లో గేటు కాపలాకు పెట్టుకున్నారు. చివరి లారీ పోయాక కాపలా కూడా అక్కర్లేదన్నారు. సందులో ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వంతెన పలకలు ఎవరు తీసుకుపోయారో, ఒక రోజు లేవు.

పేటకు అవతల ఇంకో పెద్ద మిల్లులో మనుషులను తీసుకుంటున్నారని తెలిసింది. ఆయన పొద్దున్నే మంచి పంచె కట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళాడు. చొక్కా చేతులు వేళ్ళ దాకా లాక్కున్నాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. గేటు దగ్గర ఒక డాక్టరు కూర్చున్నాడట. చేతులు చాపమన్నాడట. తర్వాత తల వెనక్కు వంచమని ముక్కులోకి లైటు వేసి చూశాడట. ముక్కు లోపలి గోడకు చిల్లు పడిందని పక్కనున్న గుమాస్తాకు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడట.

"ఏ మిల్లు, ఎన్నేండ్లు అని కూడా అడగలేదు," అన్నాడు ఆయన. "చూస్తానే తెలిసిపోయింది వాళ్ళకి."

"ఇంకో చోట చూద్దాం," అన్నాను.

"వద్దులే."

ఆ 'వద్దులే' అన్న తర్వాత ఆయన ఎక్కడికీ పని అడగడానికి పోలేదు. పొద్దున లేచి, మొహం కడుక్కుని, గుమ్మంలో కూర్చునేవాడు. ఎదురుగా మిల్లు గోడ. పెడితే తినేవాడు. నేను ఏమైనా అడిగితే సమాధానం చెప్పేవాడు, తనంతట తాను మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం నేను ఊడుస్తుంటే అన్నాడు. "ఆ పొద్దు అమ్మ నన్ను తిట్టి ఉండాల్సింది." ఏ పొద్దు అని నేను అడగలేదు.

ఇంట్లో రాగులు అడుగంటినప్పుడు నేను ఆ పెద్ద మిల్లుకు వెళ్ళాను. కండెలు చుట్టడానికి ఆడవాళ్ళు కావాలన్నారు. గేటు పక్కన బల్ల వేసుకుని అదే డాక్టరు కాబోలు, కూర్చుని ఉన్నాడు. నా ముందు పది పదిహేను మంది ఆడవాళ్ళు ఉన్నారు. ఒకరిద్దరిని పక్కకు పొమ్మన్నారు. వాళ్ళు ఏమీ అనకుండా పోయారు. నా వంతు వచ్చింది. చేతులు చాపాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్ళు విడదీసి చూశాడు. తల వెనక్కు వంచమన్నాడు. లైటు కళ్ళలో పడి కాసేపు నాకేమీ కనబడలేదు.

"బాగుంది," అన్నాడు. "లోపలికి పో."

సాయంత్రం ఇంటికి వచ్చి ఆయనతో పని దొరికిందని చెప్పాను. "ఏ షెడ్డు?" అని అడిగాడు. కండెల విభాగం అన్నాను. "రంగు షెడ్డుకు ఎంత దూరం?" అన్నాడు. దూరమే అన్నాను. నిజానికి మధ్యన ఒక గోడే ఉండింది. ఆయన నా చేతులు దగ్గరకు లాక్కుని, ఆ డాక్టరు చూసినట్టే వేళ్ళు విడదీసి చూశాడు. తర్వాత వదిలేసి గుమ్మంలోకి పోయి కూర్చున్నాడు.